మోకాలి గుజ్జు, పెద్ద వల తాడు

అరిగిపోయిన గుజ్జు మళ్ళీ పుడుతుందా అని నన్ను అడగని మనిషి పలాస చుట్టుపక్కల లేడు. జీడి ఫ్యాక్టరీలో రోజంతా కింద కూర్చుని పిక్కలు కొట్టే ఆడవాళ్ళు అడిగారు. టెక్కలి ఆఫీసుల్లో కుర్చీకి అతుక్కుపోయిన గుమస్తాలు అడిగారు. నిమ్మాడ వైపు నుంచి వచ్చే పెద్ద రైతులైతే అడగడం కాదు, పుట్టించమని ఆజ్ఞాపించారు. అందరికీ నాది ఒకటే జవాబు. పుట్టదు. మిగిలినదాన్ని కాపాడుకోవాలి, దాని చుట్టూ ఉన్న కండను పెంచుకోవాలి. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతులో రవ్వంత తడబాటు ఉండేది కాదు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఆ వయసులో తడబాటు ఎవరికుంటుంది?

విశాఖపట్నంలో ఫిజియోథెరపీ చదివి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కాశీబుగ్గలోని ఒక చిన్న నర్సింగ్ హోములో చేరాను. టెక్కలి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఫిజియోథెరపీ అనే మాట అక్కడ ఎవరి నోరూ తిరగలేదు. నా గదిలో నొప్పి తగ్గించే ఒక విద్యుత్తు యంత్రం ఉండేది కాబట్టి నన్ను కరెంటు డాక్టరమ్మ అన్నారు. ఆ కరెంటంటే జనానికి మహా ప్రీతి. జివ్వుమని లాగితేనే వైద్యం జరిగినట్టు. "ఇంకాస్త పెంచమ్మా" అని బతిమాలేవాళ్ళు. ఇది నొప్పిని కాసేపు మరిపిస్తుందే గానీ కాలికి బలం ఇవ్వదు, కాలు చాపి తొడ బిగించి పది లెక్కపెట్టు అంటే మాత్రం మొహాలు మాడిపోయేవి. తన కాలు తానే ఎత్తుకోవడానికి ఇంత దూరం రావాలా అని ఒకామె నా ఎదురుగానే పక్కామెతో అంది. నేనూ ఊరుకోలేదు. ఇంట్లో ఎత్తి ఉంటే ఇంత దూరం వచ్చే పని లేకపోయేది అన్నాను.

నా నోరు మంచిది కాదని మా అమ్మ చిన్నప్పుడే తేల్చేసింది.

ఆ రోజుల్లో ఉద్దానం తీరం నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. వజ్రపుకొత్తూరు వైపు ఒక మత్స్యకార పల్లె వాళ్ళది. ఆయనకు యాభై అయిదేళ్ళుంటాయి. నా కళ్ళకు ముసలాయన. ఇప్పుడు నేనే ఆ వయసుకు దగ్గర పడ్డాను కాబట్టి ఆ మాట కాస్త గుచ్చుకుంటోంది గానీ, అప్పుడు అలాగే అనుకున్నాను, ఇక్కడా అలాగే రాస్తాను. ఆయన కుడి మోకాలు వాచి ఉంది. వంచితే లోపల కిర్రుమంటోంది. భార్య చేపలమ్మే మనిషి. మాట్లాడటం అంతా ఆమెదే. పకోడీలు కట్టిచ్చిన పేపరు ముక్కను మడత విప్పి నా ముందు పెట్టింది. మూలకణాలతో అరిగిన అవయవాలు మళ్ళీ పుట్టించే కాలం రాబోతోందని అందులో ఉంది. నూనె మరకల మధ్య మోకాలి బొమ్మ కూడా ఉంది. వైజాగులో గుజ్జు ఇంజక్షను వేస్తున్నారట, అదీ ఇదీ ఒకటేనా, వేయిస్తే పదేళ్ళు వస్తుందా, నల్లేరు పచ్చడి తింటే పనికొస్తుందా, పీతల రసం తాగిస్తున్నాను ఆపనా అని వరసగా అడిగింది.

ఒక్కోదానికీ జవాబు చెప్పాను. పేపర్లో ఉన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది, మనదాకా రాలేదు. వైజాగు ఇంజక్షను గుజ్జు కాదు, తలుపు బందుకు నూనె వేసినట్టు, కొందరికి కొన్ని నెలలు సుఖం ఇస్తుంది, కొందరికి అదీ ఇవ్వదు. నల్లేరు పచ్చడి రుచిగా ఉంటే తినండి. పీతల రసం నాకూ ఇష్టమే.

ముసలాయన అంతా విని ఒక్క మాటే అడిగాడు.

"తాడు పట్టగలనా అమ్మా?"

తాడంటే పెద్ద వల తాడు, ఒడ్డు నుంచి అన్ని వయసులవాళ్ళూ లాగేది. నావలో వెళ్ళి సముద్రంలో వల వేసి వస్తారు. దాని రెండు కొసల తాళ్ళను రెండు జట్లు ఒడ్డున నిలబడి లాగుతాయి. వల ఒడ్డుకు రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. నావ మీద వేటకు వెళ్ళే వయసు దాటిన మగవాళ్ళకు ఆ తాడే ఆధారం. తాడు పట్టినవాడికి చేపల్లో వాటా ఉంటుంది, రేవులో మాట ఉంటుంది. తాడు వదిలినవాడు ఇంటి అరుగు మీద కూర్చుని, ఎవరి వల్లో ఏం పడిందో పక్కవాళ్ళను అడిగి తెలుసుకోవాలి. ఆయన భయమంతా ఆ అరుగు గురించే. మోకాలి నొప్పిని ఆయన పెద్దగా లెక్క చెయ్యలేదు.

ఏం మందులు వాడుతున్నారని అడిగితే భార్య కొంగుముడి విప్పి కాగితం పొట్లం తీసింది. తెల్లది ఒకటి, ఎర్రది ఒకటి, పసుపుది సగం ముక్క. మా వైపు దాన్ని సెట్టు అంటారు. ఊళ్ళో మందులిచ్చే మనిషి కట్టిస్తాడు. ఏ బిళ్ల ఏమిటో మింగేవాడికి తెలియదు. తెల్లది నొప్పి బిళ్ల అని, పసుపుది స్టిరాయిడని నేను గుర్తుపట్టాను, ఎర్రది ఏమిటో నాకూ తెలియలేదు. రెండేళ్ళుగా పొద్దునొకటి, సాయంత్రమొకటి మింగుతున్నాడట. నాకు ఒళ్ళు మండింది. వెంటనే మా డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తపరీక్ష చేయిస్తే మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైందని తేలింది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి అప్పుడప్పుడే జనం గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నీళ్ళని కొందరు, మట్టని కొందరు, ఎండలో చాకిరీ అని కొందరు. కారణం తేలలేదు. ఈయన విషయంలోనూ బిళ్లలే కారణమని డాక్టరుగారు అనలేదు. కారణం ఏదైనా ఆ స్థితిలో నొప్పి బిళ్ల విషంతో సమానం అన్నారు. స్టిరాయిడును ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని పసుపుదాన్ని మెల్లగా తగ్గించి మాన్పించారు, తెల్లదాన్నీ ఎర్రదాన్నీ ఆ రోజే ఆపించారు. మరీ తట్టుకోలేని రోజున వేసుకోవడానికి మరోటి రాసిచ్చారు.

ఇక మోకాలి సంగతి నాకు వదిలేశారు. నేను పూర్తి విశ్రాంతి అన్నాను. తాడు ముట్టుకోవద్దు, ఇసకలో నడవద్దు అన్నాను. రెండు వ్యాయామాలు చూపించాను, వాటిని చేస్తాడా లేదా అని పట్టించుకోలేదు. అరిగిన మోకాలితో అంత బరువు లాగడమేమిటి, బుద్ధి ఉండక్కర్లేదా అని కూడా అన్నట్టు గుర్తు. బిళ్ల మానితే మోకాలు ఊరుకోదు, మింగితే కిడ్నీ ఊరుకోదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను తీర్పు చెప్పి చేతులు దులుపుకున్నాను.

మూడు నెలల తర్వాత భార్య ఆయన్ను మళ్ళీ తీసుకొచ్చింది. చేతికి కర్ర వచ్చింది. కుడి తొడ ఎడమ తొడలో సగం లేదు. చెప్పినదాన్ని ఇంత ఖచ్చితంగా పాటించిన రోగిని నా ఉద్యోగంలో అంతవరకూ చూడలేదు. మూడు నెలలూ ఆయన అరుగు దిగలేదు. రక్తపరీక్షలో అంకె పెరగలేదని డాక్టరుగారు సంతోషించారు. ఆమె మాత్రం సంతోషించలేదు.

"బిళ్లలు మాన్పించినారు, మంచిదే. తాడెందుకు మాన్పించినారమ్మా? తాడు లాగడమంటే ఏటో మీరెప్పుడైనా సూసినారా?"

చూడలేదు. సముద్రానికి గంట దూరంలో పుట్టి పెరిగాను, కాలేజీ సెలవుల్లో బీచికి వెళ్ళి మరమరాలు తిన్నాను, పెద్ద వల లాగడం ఒక్కసారీ నిలబడి చూడలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసింది నేనే. సిగ్గేసింది. సిగ్గు వేస్తే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే మొండితనం వస్తుంది. ఆ ఆదివారం తెల్లవారగానే ఆటో మాట్లాడుకుని వాళ్ళ రేవుకు వెళ్ళాను.

పది పన్నెండు మంది నడుముకు పట్టీలు కట్టుకుని, ఆ పట్టీల కొసలు తాడుకు తగిలించి, సముద్రం వైపు మొహం పెట్టి నిలబడ్డారు. తర్వాత అందరూ ఒకేసారి వెనక్కి ఒరిగి వెనక్కి అడుగులు వేశారు. మడమ ఇసకలో దిగబడుతోంది, తొడ బిగుస్తోంది, బరువంతా నడుము మీదా తొడ మీదా పడుతోంది. అలా వెనక్కి నడుస్తూ ఇసక దిబ్బదాకా వెళ్ళినవాడు పట్టీ విప్పుకుని, నీటి అంచుకు దిగి, మళ్ళీ తాడు అందుకుంటాడు. పై చివర ఒకతను చతికిలబడి వచ్చిన తాడును చుట్టలు చుడుతున్నాడు.

మోకాలు అరిగినవాళ్ళను వెనక్కి నడిపించాలి, కీలు మీద ఒత్తిడి తగ్గి తొడ ముందు కండ గట్టిపడుతుంది అని మా మేడమ్ ఒక క్లాసులో బోర్డు మీద రాసి మరీ చెప్పింది. పరీక్షలో ఆ ప్రశ్నకు మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ వైద్యాన్నే ఈ మనిషి ముప్పై ఏళ్ళుగా ఇసకలో చేస్తున్నాడు. నేను దాన్ని మాన్పించి, అరుగు మీద కూర్చోబెట్టి, తొడ ఎండగట్టాను.

ఆ రోజే ఇంకొకటి కూడా చూశాను. లాగడం మొదలుపెట్టే ముందు జట్టు పెద్ద టీ గ్లాసులతోపాటు ఒక రేకు డబ్బా తీశాడు. అతను మా ముసలాయన భార్యకు అన్న. డబ్బాలోంచి తలా ఒక తెల్ల నొప్పి బిళ్ల చేతిలో పెట్టాడు. అందరూ అతని ఎదుటే మింగారు. నొప్పి ఉన్నవాడూ మింగాడు, లేనివాడూ మింగాడు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు కూడా టీతోపాటు మింగేశారు. నేను దగ్గరికి వెళ్ళి గట్టిగానే అడిగాను. అతను కోప్పడలేదు. నాకు లెక్కలు చెబుతున్నట్టు ఓపిగ్గా చెప్పాడు.

"నొప్పొచ్చినాక మింగితే ఏటి లాభం? వల మజ్జిలో ఉండగా ఒకడు తాడొగ్గేత్తే మిగతావోల్ల నడుములిరిగిపోతాయి. మింగినోడు ఒగ్గడు. మింగనోడిని నాను నమ్మను."

అదొక ఒట్టు లాంటిదని అప్పుడర్థమైంది. బిళ్ల మింగడమంటే చివరిదాకా లాగుతానని మాటివ్వడం. అంటే మా ముసలాయన రేపు కాలు బాగుచేసుకుని వచ్చినా, బిళ్ల మింగకపోతే తాడు ఇవ్వరు. మింగితే కిడ్నీ మిగలదు. జాలిపడి ఇస్తే తాడు చుట్టే పని ఇస్తారు. గంటల తరబడి చతికిలబడి కూర్చునే ఆ పని ఆయన మోకాలికి అన్నిటికన్నా చెడ్డది.

మర్నాటి నుంచి ఆయనకు నా దగ్గర అసలు వైద్యం మొదలైంది. నర్సింగ్ హోము వరండాలో గోడ పట్టుకుని వెనక్కి నడిపించాను. సంచిలో ఇసక పోసి చీలమండకు కట్టి కాలు ఎత్తించాను. ఇంటి దగ్గర రోజూ ఎన్నిసార్లు చేశాడో భార్య బొగ్గుతో గోడ మీద గీతలు పెట్టేది. నొప్పి వస్తోందంటే ఎంత వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అని అడిగేదాన్ని. నొప్పి వస్తే కీలు పాడైపోతున్నట్టేనా అని ఆయన అడిగాడు. ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదే. కాదన్నాను. రాత్రికల్లా సర్దుకునే నొప్పికి భయపడక్కర్లేదు, మర్నాటికీ వాపుతో ఉండిపోయే నొప్పి వస్తే తగ్గించుకుందాం అన్నాను. ఆ రెంటికీ తేడా ఆయన నాలుగు రోజుల్లో పట్టేశాడు. సముద్రపు పోటు పాటు తెలిసినవాడికి అదొక లెక్కా?

రెండు నెలలకు కర్ర పోయింది. గుజ్జు పుట్టలేదు. తొడ మాత్రం పుట్టింది.

తాడు పట్టే రోజున నేనూ రేవుకు వెళ్ళాను. జట్టు పెద్దతో వాదించడానికి బస్సులో దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. కిడ్నీ బొమ్మ కూడా గీసి తీసుకెళ్ళాను. ఏదీ అక్కరకు రాలేదు. డబ్బా తన దాకా రాగానే ముసలాయన బిళ్లను అరచేతిలోకి తీసుకుని, తిరిగి బావ చేతిలోనే పెట్టాడు.

"బావా, నాకు నొప్పుంటాది. నొప్పితోనే లాగుతాను. మజ్జిలో తాడు ఒగ్గను."

"ఒగ్గితే?"

"ఒగ్గితే మరి రేవుకి రాను."

జట్టు పెద్ద ఆయన మోకాలి వంక చూసి, పట్టీ తీసి ఆయన వైపు విసిరాడు. నేను నోరు తెరవబోతే భార్య నా చెయ్యి పట్టుకుని లాగింది. ఒక్క వలతో ఆయన మిగతా బతుకంతా తేలిపోయేటట్టు మాట అనేశాడు. వాటా పోయినా మళ్ళీ వస్తుంది, ఆ మాట పోతే రాదు.

ఆ రోజు నీటి లాగుడు ఎక్కువగా ఉంది, వల బరువుగా వస్తోంది. మొదటి గంట బాగానే గడిచింది. తర్వాత ఆయన మొహం బిగుసుకోవడం మొదలైంది. నేను కాలు వంకే చూస్తున్నాను. చిత్రమేమిటంటే వెనక్కి లాగేటప్పుడు కాలు నిలకడగానే ఉంది. పట్టీ విప్పుకుని ఒట్టి చేతులతో కిందికి దిగేటప్పుడే కుంటుతున్నాడు. వాలులో ముందుకు దిగుతుంటే బరువంతా మోకాలి మీద పడుతోంది. పరుగున వెళ్ళి, పక్కవాటుగా దిగమన్నాను. దిగాడు. కుర్రాళ్ళు పీత నడకని నవ్వారు. ఆయనా నవ్వాడు. పీతలా పక్కకు దిగుతూ, వెనక్కి ఎక్కుతూ, వల సంచి ఒడ్డెక్కేదాకా తాడు వదల్లేదు. ఆఖర్న ఇసకలో కూలబడి మోకాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. భార్య మాత్రం గట్టిగా ముక్కు చీదుకుని, చేపలేరడానికి వెళ్ళిపోయింది.

నాకు గర్వంగా ఉంది. దాచుకోవడం ఎందుకు, చాలా గర్వంగా ఉంది. ఆ గర్వంతోనే బస్సుకు బయల్దేరుతుంటే జట్టు పెద్ద నా వెనకే వచ్చాడు. ఎవరూ లేని చోట, నావ చాటున ఆగి, లుంగీ కొంచెం పైకెత్తాడు.

"సాయంత్రానికి కాల్లు పొంగుతున్నాయి. ఎవులికీ సెప్పనేదు."

వంగి బొటనవేలితో పాదం పైన నొక్కాను. గుంట పడింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంది, కిడ్నీ పని తప్పి ఒంట్లో నీరు చేరినవాళ్ళకు పడే గుంట. ఆ గుంట వంక చూడలేక సముద్రం వంక చూశాను. వెంటనే రక్తపరీక్ష చేయించాలన్నాను. తన ఒక్కడికే కాదు, డబ్బాలోంచి బిళ్లలు తీసుకున్న ప్రతివాడికీ చేయించాలన్నాను. అతను లుంగీ దించుకుని, రేపు వల వెయ్యం, అందరం వస్తాం అన్నాడు. చేపలు పడే కాలంలో ఒక రోజు వల ఆపడమంటే ఆ రేవులో చిన్న మాట కాదు.

మర్నాడు మొదటి బస్సుకే జట్టంతా దిగింది. వరండాలో వరసగా చొక్కా చేతులు పైకి మడుచుకుని నిలబడ్డారు. ముసలాయనకు ఆ రోజు పరీక్ష అవసరం లేదు, అయినా వచ్చి బావ పక్కనే నిలబడ్డాడు. సాయంత్రానికి రిపోర్టులొచ్చాయి. కుర్రాళ్ళలో ఎక్కువమందివి బాగున్నాయి, ఇద్దరివి మళ్ళీ చూడాలన్నారు. జట్టు పెద్ద కాగితం చూసి డాక్టరుగారు తన కుర్చీ అతని దగ్గరికి జరుపుకున్నారు. ఇంక బరువు పని కుదరదని, వైజాగు వెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించుకోవాలని, ఆలస్యం చెయ్యొద్దని నెమ్మదిగా చెప్పారు.

అతను ఏమీ అడగలేదు. ఆ గదిలోకి వచ్చి ఒక్క ప్రశ్న కూడా అడగని మనిషిని నేను చూడటం అదే మొదలు. లేచి, లుంగీ సర్దుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలాయన ముందు ఆగాడు.

"రేపటి సంది నా జాగాలో నువ్వు నిలబడు బావా. డబ్బాలో బిళ్ల ఎవులికీ ఇవ్వకు."